విప్పి నేర్చిన ఇంగ్లీషు

మొదటి రోజే ఆ అమ్మాయి మాస్టారి పరువు తీసింది. గొడవపడి కాదు. చెయ్యెత్తి, అనుమతి అడిగి, ఎంతో మర్యాదగా తీసింది.

మాస్టారంటే నెరిసిన మీసాలాయన్ని ఊహించుకోకండి. ఇరవై ఎనిమిదేళ్లవాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. బోర్డు మీద రాసేటప్పుడు నాలుక కొసని పళ్ల మధ్య పెట్టుకునే అలవాటొకటి ఉంది. పగలు ఒక స్కూల్లో పాఠాలు చెబుతాడు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, ఫొటో ఫ్రేములు కట్టే దుకాణం పైన గదిలో, పనుల్లోకి వెళ్లేవాళ్లకి ఇంగ్లీషు నేర్పుతాడు. ఆ గదిలో నాలుగు బెంచీలు, ఒక బోర్డు, వాన పడితే కారే ఒక మూల ఉన్నాయి. ఆ మూలలో ఏడాది పొడుగునా ఒక బకెట్టు ఉంటుంది.

వచ్చేవాళ్లలో నర్సులున్నారు, డ్రైవర్లున్నారు, గుమాస్తాలున్నారు. అందరికీ పెద్దదిక్కు, రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన. ఆయన్ని పోస్ట్ బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్లు కవర్ల మీద ఇంగ్లీషు చదివాను, కవరు లోపల ఏముంటుందో ఇప్పుడైనా తెలుసుకుంటానని చేరాడాయన.

మాస్టారి పద్ధతి చాలా సులువు, అంటే మాస్టారికి సులువు. రోజుకి పది మాటలు బోర్డు మీద రాస్తాడు. పక్కన అర్థాలు రాస్తాడు. మర్నాడు అప్పజెప్పించుకుంటాడు. యాభై రోజుల్లో అయిదు వందల మాటలు. ఈ సంగతి గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాడు కూడా.

ఆ రోజు కొత్తగా వచ్చిన అమ్మాయి నీలం రంగు ఫ్యాక్టరీ కోటులో ఉంది. జేబులోంచి స్క్రూడ్రైవరు తొంగి చూస్తోంది. పది మాటలూ రాసుకుంది. రాసుకున్నవాటిని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూసుకుంది. అప్పుడు చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఈ పది మాటలకీ ఒకదానితో ఒకటికి ఏమన్నా సంబంధం ఉందా?"

"లేదు. పుస్తకంలో ఆ వరసలో ఉన్నాయి."

"మరి ఎలా గుర్తుంటాయండీ?"

"బట్టీ పట్టాలి."

"నాకు బట్టీ రాదండీ," అంది ఆ అమ్మాయి, ఏదో జబ్బు గురించి డాక్టరుకి చెప్పుకున్నంత నిజాయితీగా. "మా నాన్న నాకు ఏ కుట్టుమిషన్నీ బట్టీ పట్టించలేదు. విప్పి చూపించాడు. విప్పితే ఏ ముక్క ఎందుకుందో తెలిసిపోతుంది. మీ మాటలు విప్పడానికి రావా?"

క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పోస్ట్ బాబాయే. మాస్టారు మొహం గంటు పెట్టుకుని, ఇంగ్లీషు కుట్టుమిషన్ కాదన్నాడు. ఆ అమ్మాయి సరేనని కూర్చుంది. మర్నాడు పదింటికి రెండే చెప్పగలిగింది. మాస్టారికి లోలోపల కాస్త సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. కానీ ఆ సంతోషం క్లాసు అయిపోయేదాకా కూడా నిలవలేదు.

ఎందుకంటే, అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఆగింది. ఆగి తన కథ చెప్పింది. రెండు వందల మిషన్లున్న బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కులలో తనొకర్తి. అక్కడ మెకానిక్ ఇన్‌చార్జి ఉద్యోగం ఖాళీగా ఉంది. దానికి పరీక్ష ఉంది. మిషన్ల పుస్తకాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి ప్రశ్నలూ ఇంగ్లీషులోనే ఉంటాయి. పోయిన ఏడాది రాసి తప్పింది.

"మిస్‌అలైన్‌మెంట్ అని ఒక మాట ఇచ్చారండీ. ఆ మాటేమిటో తెలియక ప్రశ్న వదిలేశాను. తీరా బయటికొచ్చి అడిగితే, సూదీ కొక్కెం ఒక వరసలో లేకపోవడమట. అది నేను రోజుకి నాలుగు మిషన్లకి సరిచేసే జబ్బే." ఆ అమ్మాయి జేబులో స్క్రూడ్రైవరుని లోపలికి తోసుకుంది. "పని తెలిసి, పేరు తెలియక తప్పానండీ."

మాస్టారు స్కూలుకి బస్సులో వెళుతూ ఆ మాటని నోట్లోనే తిప్పుకున్నాడు. అలైన్ అంటే వరసలో పెట్టడం. ముందు మిస్ తగిలిస్తే తప్పుగా. వెనక మెంట్ తగిలిస్తే ఆ పని పేరు. మూడు ముక్కలు. విప్పడానికి రావా అని అడిగింది కదా, వచ్చాయి మరి. చిన్నప్పటినుంచి ఇంగ్లీషు చదువుతున్న మనిషికి ఈ సంగతి తెలియదని కాదు, తెలిసినదాన్ని ఎవరికన్నా ఇలా చేతికివ్వొచ్చని తోచలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గాని ఆయన లేచి నిలబడలేదు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి బెంచీ మీద మూడు అట్టముక్కలు పెట్టాడు. ముందు ముక్క నీలం సిరాతో, నడుమ ముక్క నల్ల సిరాతో, తోక ముక్క ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. ఆ అమ్మాయి వాటిని కలిపింది, విడదీసింది, మళ్లీ కలిపింది. నడుమ ముక్క తీసేసి, ఇక్కడ ఇంకేం పెట్టొచ్చని అడిగింది. మాస్టారు మేనేజ్ అన్న ముక్క అందించాడు. మిస్‌మేనేజ్‌మెంట్ అని చదివి, మా సూపర్‌వైజరు చేసేది అంది. క్లాసు మళ్లీ ఘొల్లుమంది. ఈసారి మాస్టారు కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఆయన గుమ్మం పక్కన రాయించినదాన్ని తీసేశాడు. రోజుకి పది మాటల లెక్క పోయి, రోజుకొక ముందు ముక్కో, తోక ముక్కో వచ్చింది. రీ అంటే మళ్లీ: రీప్లేస్, రీస్టార్ట్, రీఫిల్. ఓవర్ అంటే మోతాదు మించి: ఓవర్‌లోడ్, ఓవర్‌హీట్. ఏబుల్ తోక తగిలిస్తే అందుకు వీలయ్యేది: అడ్జస్టబుల్, రిమూవబుల్. లెస్ తగిలిస్తే లేనిది, ఫుల్ తగిలిస్తే నిండుగా ఉన్నది. నర్సులు మందుల సీసాలు తిప్పి తిప్పి చదవడం మొదలుపెట్టారు. పోస్ట్ బాబాయి తన మనవడి స్కూలు పుస్తకం తెచ్చి, ఈ మాటకి తోక ఎక్కడుందో చూపించమని కూర్చునేవాడు.

అట్టముక్కలన్నీ మాస్టారే రాసేవాడు. అవి క్లాసు మొత్తానికని చెప్పుకునేవాడు గాని, లూబ్రికేషన్, టెన్షనర్, ఇంటర్‌లాక్ లాంటి మిషన్ల మాటలు నర్సులకీ డ్రైవర్లకీ ఏం పనికొస్తాయని ఎవరూ అడగలేదు. అడగలేదంటే తెలియక కాదు.

ఆయన ఉండేది అక్కా బావల ఇంట్లో. రాత్రిపూట అన్నం తింటూ కూడా అట్టలు కత్తిరిస్తుంటే వాళ్లక్క ఊరుకుంటుందా? ఈ కత్తిరింపులన్నీ ఎవరికోసమంది. విద్యార్థుల కోసమన్నాడు. విద్యార్థుల కోసమా, విద్యార్థి కోసమా అంది. మాస్టారు పొలమారి మంచినీళ్లు తాగాడు. అక్క ఆ రోజుకి వదిలేసింది.

ఇలా రోజులు సాఫీగా పోతుండగా వాన వచ్చింది.

ఆ పొద్దున క్లాసులో ఇన్ అనే ముందు ముక్క చెప్పాడు. ఇన్ అంటే కాదు. ఇన్‌కరెక్ట్ అంటే సరైనది కాదు, ఇన్‌విజిబుల్ అంటే కనిపించేది కాదు. అందరూ బాగా పట్టుకున్నారు. మధ్యాహ్నం స్కూల్లో సైన్సు గది పక్కనుంచి పోతుంటే బీరువాలో ఒక సీసా కనిపించింది. దానిమీద ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంది.

మాస్టారు ఆ మాటని రెండోసారి చదివాడు. ఆ మాటకి అర్థం భగ్గున అంటుకునేదని. కానీ తను పొద్దున చెప్పిన సూత్రం పట్టుకుంటే అంటుకోనిది అవుతుంది. ఆ అమ్మాయి పనిచేసే చోట మరకలు తీసే మందు డబ్బాలుంటాయి, మోటార్లుంటాయి, మోటార్లలో నిప్పురవ్వలుంటాయి. హెడ్మాస్టరుకి కడుపునొప్పని చెప్పి, కుండపోత వానలో ఫ్యాక్టరీ దాకా పరుగెత్తాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి కబురు పంపాడు. ఆ అమ్మాయి చెంప మీద నూనె మరకతో కంగారుగా వచ్చింది.

"ఏమైంది మాస్టారూ?"

"పొద్దున నేను చెప్పింది అన్నిచోట్లా పనిచెయ్యదు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకోకండి. భగ్గున మండేది. మీ డబ్బాల మీద ఆ మాట ఉంటే జాగ్రత్త."

"ఆ మాట పక్కన మంట బొమ్మ కూడా ఉంటుందండీ," అంది ఆ అమ్మాయి.

 మాస్టారి జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి కారుతున్నాయి.

"చంకలో గొడుగు పెట్టుకుని తడిశారెందుకు?"

అప్పుడు చూసుకున్నాడు. గొడుగు చంకలోనే ఉంది, పొడిపొడిగా. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, ఆయన వంక ఒక క్షణం ఎక్కువే చూసింది. దీనికోసం స్కూలు మానుకొచ్చారా అని మెల్లగా అడిగింది.

"రేపటి దాకా ఆగలేకపోయాను," అన్నాడు మాస్టారు. అని, అన్నది తన చెవులకే ఇంకోలా వినపడి, గొడుగు విప్పుకుని గబగబా వెళ్లిపోయాడు.

ఆ వాచ్‌మన్ పోస్ట్ బాబాయికి ప్రాణస్నేహితుడు. కాబట్టి మర్నాడు ఆరున్నరకల్లా ఈ సంగతి క్లాసులో తెలియనిదల్లా బకెట్టుకే.

పోస్ట్ బాబాయి మాస్టారిని మెట్ల దగ్గర పట్టుకున్నాడు. ఇన్నేళ్లు ఉత్తరాలు మోసినవాణ్ని, ఎవరి మొహంలో ఏ కబురుందో నాకు తెలుసు, చెప్పెయ్యమన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"చదువుకోడానికి నా దగ్గరికొచ్చిన మనిషి బాబాయ్. ఇప్పుడు చెబితే, ఇష్టం లేకపోతే క్లాసు మానెయ్యాలి. మానేస్తే పరీక్ష పోతుంది. పరీక్ష అయ్యాకే చెబుతాను."

"పరీక్ష అయ్యాక ఆ పిల్ల ఈ మెట్లెక్కి ఎందుకొస్తుందయ్యా?"

మాస్టారిని తినేస్తున్న భయం సరిగ్గా అదే. పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఈ గదితో పనిలేదు. ఆ అమ్మాయి లేని గది ఎలా ఉంటుందో ఆలోచించడానికే ఆయనకి మనసొప్పలేదు. ఇన్నాళ్లూ తనకి ఇంగ్లీషంటే ఇష్టమనుకున్నాడు. నిజానికి పొద్దున్నే ఆ మెట్ల మీద వినిపించే అడుగుల చప్పుడంటే ఇష్టం.

అందుకని ఒక ఎత్తు వేశాడు. పరీక్ష వారం ఉందనగా, అప్పటిదాకా రాసిన మూడు వందల పైచిలుకు అట్టముక్కల్నీ ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో సర్ది ఆ అమ్మాయి చేతికిచ్చాడు. దగ్గరుంచుకుని చదువుకోండి, పరీక్ష అయ్యాక తెచ్చి ఇద్దురుగాని అన్నాడు. తెచ్చి అన్న మాట కాస్త ఒత్తి పలికాడు. డబ్బా తిరిగివ్వాలంటే మనిషి రాక తప్పదు. వచ్చినప్పుడు చెప్పెయ్యాలి.

ఆదివారం పరీక్ష అయింది. సోమవారం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పాల్సిన మాటలు అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకున్నాడు. ఆరున్నరయింది, ఏడయింది. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా బోర్డు మీద గీత వంకరపోయింది. ఏడూ ముప్పావుకి వచ్చింది ఆ అమ్మాయి కాదు, వాళ్ల నాన్న.

పొట్టిగా, మాట తక్కువగా ఉండే మనిషి. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు ఆయనది. కూతురు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక సాయంత్రాలు ఆ షాపులోనే కూర్చుంటుంది. ఆయన చేతిలో కాగితంలో చుట్టి, దారంతో కట్టిన పొట్లం ఉంది.

"ఇవి మీవి మాస్టారుగారూ. అమ్మాయి ఇచ్చి రమ్మంది," అన్నాడు. మాస్టారు ఏమన్నా అడుగుతాడేమోనని కాసేపు నిలబడి, "వీలు చూసుకుని ఓసారి షాపుకి రండి," అని దిగి వెళ్లిపోయాడు.

చేత్తో తడిమితే లోపల అట్టముక్కలు తెలుస్తున్నాయి. అంతే, మాస్టారికి అంతా అర్థమైపోయింది. ఆ అమ్మాయి తను రాకుండా ఉండడానికే తండ్రి చేత పంపించింది. గేటు దగ్గర తను వాగినదానికి అర్థం ఆ అమ్మాయికి తెలిసిపోయింది. మొహం మీద కాదనలేక, ఇలా మర్యాదగా తిప్పి పంపింది. వాళ్ల నాన్న షాపుకి రమ్మన్నది పెద్దమనిషి మర్యాద. ఇంగ్లీషు మాటల్ని ముక్కముక్కలుగా విప్పగలిగే మనిషి, ఆ పొట్లాన్ని మాత్రం విప్పకుండా ఇంటికి తీసుకెళ్లి బల్ల మీద పడేశాడు.

మంగళ, బుధ, గురువారాలు ఎలా గడిచాయో ఆయనకే తెలియదు. ఒక రోజు క్లాసులో లెస్‌కి అర్థం నిండుగా అని చెప్పి, నర్సులు ఒకరి మొహాలొకరు చూసుకుంటే, మనసు బాగాలేదని పాఠం ఆపేశాడు. పోస్ట్ బాబాయి ఏమైందని అడిగితే, అయ్యేది అయింది బాబాయ్ అన్నాడు. పరీక్ష ఎలా రాసిందో కనుక్కోవాలని ఎంతో ఉంది. కనుక్కుంటే వెంటపడుతున్నట్టు ఉంటుందని ఊరుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఒక కిలో తగ్గాడని వాళ్లక్క అంచనా.

శుక్రవారం సాయంత్రం అక్క బల్ల తుడుస్తూ ఆ పొట్లం చేతిలోకి తీసుకుంది. దారం ముడి చూసింది.

"ఇదేంటిరా, మన ఇంట్లో కుట్టుమిషన్ నిక్షేపంగా ఉందిగా. పాత సామాన్ల పొట్లం ఎవరిది?"

మాస్టారు తలెత్తాడు. "పాత సామాన్లేంటి?"

"ఆ మిషన్ల షాపాయన పద్ధతే అంత. మిషన్లో ఏదన్నా ముక్క మారిస్తే, తీసేసిన పాత ముక్కని ఇలా పొట్లం కట్టి ముందే ఇంటికి పంపుతాడు. చూసుకోండి, ఇది అరిగిపోయింది, దీని బదులు కొత్తది వేశానని. పోయిన ఏడాది నా మిషన్‌కీ ఇలాగే పంపాడు. పొట్లం అందాక మనం వెళ్లి, మిషన్ ఆడించి చూసుకుని తెచ్చుకోవాలి. నేను మర్నాడే వెళ్లాను."

మాస్టారు ఆమె చేతిలోంచి పొట్లం లాక్కుని దారం తెంపాడు. లోపల నలభై ముక్కలు కూడా లేవు. ఉన్నవి కూడా అంచులు నలిగి, నూనె మరకలు పడి, అక్షరాలు అలుక్కుపోయినవి. ముక్కముక్కనీ తిప్పి చూశాడు. ఆ మరకల్లో ఒక చిన్న బొటనవేలి గుర్తు మళ్లీ మళ్లీ కనిపించింది. మిగతా మూడు వందలూ, డబ్బా, ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాయి.

"నాలుగు రోజులనుంచి విప్పకుండా పెట్టుకున్నావా?" అంది అక్క. "నువ్వు మాస్టారివి ఎలా అయ్యావురా?"

ఆ మాటకి జవాబు చెప్పడానికి మాస్టారు అక్కడ లేడు. చెప్పులు కూడా ఇంట్లో వేసుకునేవే.

షాపు చిన్నది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు తమ మిషన్ల కోసం స్టూళ్ల మీద కూర్చున్నారు. తండ్రి ఒక మూల వంగి ఏదో బిగిస్తున్నాడు. ఆ అమ్మాయి మోటారు మిషన్ ముందు కూర్చుని గుడ్డముక్క మీద కుట్టు వేసి చూస్తోంది. మాస్టారిని చూసింది. చూసి, మళ్లీ కుట్టు వైపు తిరిగింది.

"పరీక్ష ఎలా రాశారు?" అన్నాడు మాస్టారు, ఆయాసంతో.

"ఆదివారం రాసిన పరీక్ష గురించి శుక్రవారం అడుగుతున్నారా మాస్టారూ? నిన్న బోర్డు మీద పేర్లు పెట్టారు. ఇన్‌చార్జిగా నా పేరుంది." ఆ మాట చెప్పేటప్పుడు మొహంలో రావాల్సిన వెలుగు రాలేదు. "మీకు చెబుదామని మీ గది మెట్ల దాకా వచ్చాను. పొట్లం పంపినా మీరు రాలేదు కదా, ఇంక నా సంగతి మీకెందుకని వెనక్కొచ్చేశాను."

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పొట్లం చూసి ఏమనుకున్నాడో, ఎందుకు విప్పలేదో, ఆ పద్ధతి తనకి ఈ గంట క్రితం దాకా ఎలా తెలియదో. స్టూళ్ల మీద ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. తండ్రి తల పైకెత్తకుండానే, ఊరందరికీ తెలిసిన పద్ధతే అని గొణుక్కున్నాడు.

ఆ అమ్మాయి లేచి, లోపల్నించి రేకుడబ్బా తెచ్చి మూత తీసింది. పాతవాటి మధ్య కొత్త ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. చొక్కా కాలర్లలో పెట్టే గట్టి అట్టని కత్తిరించి చేసినవి. అదే నీలం, అదే నలుపు, అదే ఎరుపు. రాత మాత్రం ఆ అమ్మాయిది, కాస్త పక్కకి ఒరిగిన రాత.

"నా నూనె చేతులతో పట్టుకుని పట్టుకుని పాడుచేశాను. మీ తర్వాతి బ్యాచ్‌కి మాసినవి ఎలా ఇస్తారని మార్చాను."

"డబ్బా కూడా వాటితోనే పంపొచ్చుగా," అన్నాడు మాస్టారు. అలాంటి సమయంలో అలాంటి ప్రశ్న వెయ్యడం ఆయనకే చెల్లింది.

"పంపొచ్చు. పంపితే మీరెందుకొస్తారు?"

అనేసి, చెవులదాకా ఎర్రబడి, గబుక్కున కూర్చుని మోటారు వేసేసింది. మిషన్ గదంతా నిండేలా మోత పెట్టింది. డబ్బా ఇచ్చేటప్పుడు తనూ సరిగ్గా ఇదే ఎత్తు వేశానన్న సంగతి గుర్తొచ్చి మాస్టారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అద్దం ముందు చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ మోత చాటున ధైర్యం తెచ్చుకుని, నోటికొచ్చింది చెప్పేశాడు.

"ఏమన్నారు? వినపడలేదు," అంది ఆ అమ్మాయి, తల తిప్పకుండా.

తండ్రి లేచాడు. రెండడుగులు వేసి వచ్చి, మోటారు స్విచ్చి కట్టేశాడు. మళ్లీ వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. ఇద్దరు ఆడవాళ్లు, ఒక తండ్రి, ఒక అమ్మాయి, అందరూ మాస్టారి వైపే చూస్తున్నారు.  ఈసారి ఎంత మెల్లగా చెప్పినా అందరికీ వినపడుతుందని తెలుసు. తెలిసే చెప్పాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. నీతో కలిసి బతకాలని ఉంది. నీకూ ఉంటే చెప్పు. లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోయినా పొద్దున క్లాసుకి రా. ఆ మెట్ల మీద నీ చప్పుడు లేకపోతే నాకు పాఠం నడవడం లేదు."

ఆ అమ్మాయి చేతిలో గుడ్డముక్కని మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.  చివరికి తండ్రే అందుకున్నాడు.

"నాకు మొదటిసారే వినపడింది బాబూ. పక్కనున్న దానికి వినపడలేదంటే నమ్మకు."

"వినపడింది నాన్నా," అంది ఆ అమ్మాయి. కళ్లు తుడుచుకుని, మాస్టారి వైపు తిరిగింది. "రెండోసారి వినాలనిపించింది. నాకూ మీరంటే ఇష్టమే. వానలో గేటు దగ్గర నిలబడ్డారు చూడండి, ఆ రోజునుంచి. అప్పుడే చెబుదామనుకున్నాను."

"మరి చెప్పలేదే?"

"చెబితే మీకు పాఠం మీద మనసుండదు. నాకు పరీక్ష పోతుంది."

స్టూళ్ల మీద ఆడవాళ్లు పకపకా నవ్వారు. తండ్రి నవ్వలేదు గాని, ఆదివారం మీ అక్కగారినీ బావగారినీ తీసుకురా బాబూ, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. మాస్టారు తల ఊపాడు. ఇంకేదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి నీళ్లు నమిలాడు. ఆ అమ్మాయీ ఏదో అడగబోయి ఆగిపోయింది.

తండ్రి ఇద్దరి మొహాలూ చూశాడు. చెయ్యి చాచి, మోటారు స్విచ్చి మళ్లీ వేశాడు.